కింద అచ్చరాలు

అక్కకు ఆపరేషనైతే పాకాలలో ఇరవై దినాలుండి తిరుపతికి తిరిగొచ్చినాను. డబ్బాలో పిండి అడుగంటింది. మరునాడు పొద్దన రాగులు చెరిగి సంచిలో పోసుకుని మా వీధి చివరుండే పిండి మిషనుకు పొయ్యినాను. మిషను ఎప్పటి మాదిరే ఆడతా ఉండాది. దాని ముందర మనిషి మారినాడు. నోటికి తువ్వాలు కట్టుకున్న ఎవరో కొత్తాయన నా చేతిలో సంచి అందుకుని, "ఏంది, రాగులా?" అని అడిగినాడు.

ఆ మిషను కాడ నన్ను ఆ మాట అడిగినవాళ్ళు అంతకు ముందు లేరు. పాతాయన సంచి మూతి విప్పి, లోపలికి చెయ్యి పోనిచ్చి, గుప్పెడు తీసి చూసుకునేవాడు. అడిగితే జవాబు వినపడదు గదా, అందుకని అడిగేవాడు కాదు.

తూకం కాడ కూర్చునే ఓనరమ్మను, ఆయన యాడికి పొయ్యినాడని అడిగినాను.

"తెలీదా నీకు? పొయ్యినాడు మ్మా," అనింది. మూడు దినాలు జొరమంట. ఆస్పత్రిలో చేర్పించినారంట. కూతురొచ్చి పలమనేరుకు తీసకపొయ్యి ఆడనే అన్నీ చేసిందంట. పదైదు దినాలైందంట. ఇదంతా ఎవరి సంచి మీదో పేరు రాస్తా చెప్పింది. తర్వాత తలెత్తి, "నిన్ను అడిగినాడు. ఊర్లో లేవని సైగ చేసి చెప్తిమి," అనింది.

పిండి వేడిగా వచ్చింది. సంచి పొట్టకు ఆనించుకుని ఇంటికొచ్చినాను. ఆ దినం సంగటి చెయ్యలా.

ఆయన నాకు చుట్టం కాదు. ఇంటిపేరు కూడా తెలీదు. పేరు తెలిసినా ఆ పేరుతో ఒక్కనాడూ పిలిచింది లేదు. అయినా ఈ ఊర్లో నా రాత చదివే మనిషంటూ నాకు తెలిసి ఆయనొక్కడే.

నా పని ఏందో చెప్తే గానీ ఈ మాట అర్థం కాదు. ఇప్పుడు దేశదేశాల సీరియళ్ళు ఫోన్లో వస్తాయి గదా, కొరియావి, తుర్కీవి, జపాన్‌వి. వాటి కింద తెలుగులో మాటలు పడతాయి. ఆ మాటలు రాసేది నాలాంటి వాళ్ళు. హైదరాబాదులో ఒక ఆఫీసు వాళ్ళు ఇంగ్లీషు మాటల ఫైలు పంపిస్తారు. బొమ్మ చూసుకుంటా నేను దాన్ని తెలుగు చేసి పంపిస్తాను. ఎంత మాటైనా రెండు వరసల్లో ఇమడాల. పెళ్ళి ఒకటి అయ్యి, కాకుండా పొయ్యినాక, ఏడేళ్ళుగా ఇదే నా బతుకు. మూడో అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు. పొద్దన నుంచి సాయంత్రం దాకా ముక్కూ మొగం తెలీని వాళ్ళు నా ముందర ఏడస్తారు, కొట్లాడుకుంటారు, పెళ్ళిళ్ళు చేసుకుంటారు. వాళ్ళ మాటలన్నీ నేను రాస్తాను. నా నోటితో నేను ఒక్క మాటన్నా మాట్లాడని దినాలు వారంలో రెండో మూడో ఉంటాయి. రాసింది ఎవరు చదవతారో తెలీదు. చివర్లో పేర్లు పడేటప్పుడు నా పేరు కూడా ఒక అర క్షణం కనపడతాది, అప్పటికి అందరూ కట్టేసుంటారు.

నాలుగేళ్ళ కిందట ఒక మద్దినం బియ్యం పిండి ఆడించుకునేదానికి పొయ్యినాను. ఆయన బోర్లించిన డబ్బా మీద కూర్చోనున్నాడు. పొడుగు మనిషి. కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు పిండితో తెల్లగా ఉన్నాయి. ఎవరిదో గోధుమల సంచికి ఫోను ఆనించి పెట్టుకుని తుర్కీ సీరియలు చూస్తా ఉన్నాడు. ఒక తల్లి మెట్ల మీద నిలబడి కొడుకును చూస్తా ఉండాది. కింద అక్షరాలు పడినాయి. అవి నావే. ఆ ఒక్క మాట కుదరక ఒక పూటంతా కొట్టుకున్న్యాను గాబట్టి చూసిన వెంటనే గుర్తుపట్టినాను.

ఇది నేను రాసిందే అని గట్టిగా చెప్పినాను. ఆయన చూపు ఫోను మీద నుంచి తిప్పలా. ఓనరమ్మ చెవి మీద చెయ్యి పెట్టి అడ్డంగా తలూపింది. పిండి పడే రేకు తట్టలో తెల్లగా పొర ఉంటే, దాంట్లో వేలితో రాసినాను, ఈ అక్షరాలు రాసేది నేనే అని. ఆయన అది చదివినాడు. నన్ను చూసినాడు, ఫోను చూసినాడు, మళ్ళీ నన్ను చూసినాడు. బాగుందంటాడేమోనని నిలబడినాను. ఆయన అరచేత్తో పిండి చదును చేసి, మిషను చప్పుడుకు మించిన గొంతుతో అన్నాడు:

"అయితే ఒకటి చెప్పు. ఈయమ్మ మొగుడు సచ్చిపొయ్యినప్పుడు పక్కింటామె వచ్చి 'నన్ను క్షమించండి' అంటాదే, ఆయమ్మేం తప్పు చేసింది? అది తప్పు చేసిన మొగం కాదే!"

ఇంటికొచ్చి ఆ భాగం తీసి చూసినాను. ఇంగ్లీషులో 'సారీ' అని ఉండాది. చావింట్లో పలకరింపుకు వాళ్ళు అనే మాట అది. నేను తొందరలో క్షమాపణ చేసేసినాను. ఆఫీసులో తప్పులు దిద్దే వాళ్ళకు కనపడలేదు, నాకు కనపడలేదు. ఒక్క ముక్క వినపడని మనిషి మొగం చూసి పట్టుకున్న్యాడు.

మరునాడు ఆడించేదానికి ఏమీ లేకపోయినా పొయ్యినాను. తప్పు నాదే, ఏమని రాసుండాల అని పిండిలో రాసినాను. ఆయన ఎవరిదో మినప్పప్పు పూర్తిగా ఆడేదాకా ఆలోచన చేసినాడు.

"సావింట్లో మనమేమంటాం మ్మా? ఏమీ అనం. పొయ్యి కూర్చుంటాం. ఆడ ఏమీ రాయకుండా ఇడిసిపెట్టుండాల."

అట్ల మొదలైంది. వారానికి రెండు సార్లన్నా పోతా ఉంటిని. ఆయన నన్ను మ్మా అనేవాడు, నేను అన్నా అని రాసేదాన్ని. నాకు పని జాస్తిగా ఉండి రాలేకపోతే, తర్వాత పొయ్యినప్పుడు ఫోను నిలిపి పెట్టి, వేలితో తెర మీద చూపించి, ఈడ ఇట్ల రాసినావేందని అడిగేవాడు. ఫోను మీద పిండి పడితే లుంగీ లోపలి మడతతో తుడిచేవాడు. మిరక్కాయలు ఆడే దినం మాత్రం ఏమీ చూసేవాడు కాదు. "ఈ దినం ఏడుపు సీరియలు చూస్తే యా నీళ్ళు దేనికో తెలీదు," అనేవాడు.

ఆయనకు ఒక్కో దేశం మీద ఒక్కో అభిప్రాయం. కొరియా వాళ్ళు ఎంత దుఃఖంలో ఉన్నా ముందు తిన్నావా అని అడగతారు, అది మన మాదిరే అని మెచ్చుకునేవాడు. కానీ ఆ హీరో ఆడపిల్ల మణికట్టు పట్టుకుని రోడ్డు మీద గుంజకపోతే తువ్వాలు విదిలించి లేచేవాడు. అది ప్రేమైతే ఎద్దును తోలేది గూడా ప్రేమే అనేవాడు. తుర్కీ వాళ్ళు ఒకరినొకరు చూసుకునే లోపల రెండు పడులు రాగులు ఆడించచ్చంట. చలి దేశాల పోలీసు సీరియళ్ళలో మాత్రం ఎవరూ లైటు వెయ్యరు. ఒక పిల్ల శవం దొరికింటాది, ఊరంతా చీకటిగా ఉంటాది, అందరూ కాఫీ చేతిలో పట్టుకుని కిటికీలోంచి చూస్తా ఉంటారు. ఆడ కరెంటు కోతలు మన కన్నా జాస్తేమో అని నిజంగానే అడిగినాడు. అయినా ఆ సీరియళ్ళు విడవకుండా చూసేవాడు. వాటిల్లో ఒక పోలీసామె రోజూ కారులో ఒంటరిగా కూర్చుని రొట్టె తింటాది. ఆమె కత ఎట్లయినా కానీ, ఆ తినేది చూసేదానికే చూస్తాండా అన్నాడు ఒకసారి.

జపాన్‌వి ఆయనకు అన్నిటికన్నా ఇష్టం. ఒక ముసిలాయన వసారాలో కూర్చుని కమలాపండు ఒలుచుకుంటా ఉంటాడు, కూతురు పక్కన కూర్చుంటాది, అయిదు నిమిషాలు ఎవరూ ఏమీ అనరు. నాకు ఆ భాగంలో రాసే పనే లేదు. ఆయన ఆ అయిదు నిమిషాలు నాకు మూడు సార్లు చూపించినాడు. "ఆళ్ళు మాట్లాడకపోయినా ఏమో తక్కువైనట్టు లేదు సూడు," అన్నాడు.

భాష మీద నాతో పెద్ద తగువే పెట్టుకున్న్యాడు. కొరియా వాళ్ళూ జపాన్ వాళ్ళూ అందరూ బెజవాడ పక్క మాట్లాడతారేం, ఆ కొరియా ముసిలామె మొగుణ్ణి ఏమండీ అంటాదేం, మన పక్క యా ముసిలామన్నా ఏమండీ అంటాదా అని. ఆఫీసు నియమం అట్లుందని పిండిలో రాసి చూపించినాను. నమ్మినట్టు లేదు. ఆయన పోరు పడలేక ఒక కొరియా అవ్వ చేత మనవరాల్ని "యాడికి పోతాండావు?" అని అడిగించినాను. దిద్దే వాళ్ళు కొట్టేస్తారనే రాసినాను. ఎట్లనో వాళ్ళ కన్ను తప్పింది. ఆ భాగం వచ్చిన దినం సాయంత్రం నా తలుపు దబదబ కొట్టినారు. తీస్తే ఆయన. ఒళ్ళంతా పిండి, మూడంతస్తులెక్కిన ఆయాసం. ఫోను నా మొగం ముందర పట్టుకున్న్యాడు. తెర మీద అవ్వ, అవ్వ కింద ఆ మాట. గడప అవతలే నిలబడి నవ్వినాడు, భుజాలు కదిలేటట్టు. మంచినీళ్ళిస్తే తాగి వెళ్ళిపొయ్యినాడు. ఆయన మా మెట్లెక్కింది ఆ ఒక్కసారే. ఆయన పొయ్యినాక మెట్ల మీద తెల్లటి పాదాలున్నాయి. చానాసేపు నేను వాటిని ఊడవలా.

కొన్ని సీరియళ్ళకు చెవుడుండే వాళ్ళ కోసం శబ్దాలు కూడా రాయాల. తలుపు శబ్దం, వాన శబ్దం, విషాద సంగీతం, ఇట్ల. నేను ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుని రాసేసినవి. ఆయనకు వాటి మీదే అన్నిటికన్నా కోపం.

"విషాద సంగీతమంట. విషాదమో కాదో నాకు మొగంలో కనపడతాండాదే. సంగీతం ఎట్లుండాదో అది చెప్పు. వాన శబ్దమంట. యా వాన? మట్టి మీద పడే వానా, రేకుల మీద పడే వానా?"

అప్పట్నుంచి నేను చెవులు పెట్టుకుని వినేది నేర్చుకున్న్యాను. రేకుల మీద వాన అని రాసినాను. దూరంగా ఒక్క వేణువు అని రాసినాను. పాత తలుపు, బరువుగా, అని రాసినాను. రేకుల మీద వాన చదివిన దినం ఆయన ఫోను నిలిపి, ఇప్పుడు వినపడిందన్నాడు. ఆఫీసు వాళ్ళు మూడు సార్లు హెచ్చరిక పంపించినారు, వరసలు పెరగతా ఉన్నాయని, నియమం దాటొద్దని. నాలుగోసారికి పని పోతుందని భయపడి మళ్ళీ విషాద సంగీతానికే వచ్చేసినాను. ఆయన గమనించినాడు. ఏమీ దెప్పలా. నిన్నేమన్నా అన్నారా అని మాత్రం అడిగినాడు.

తన సంగతి ముక్కలు ముక్కలుగానే చెప్పినాడు. వడమాలపేట కాడ పల్లె ఆయనది. పద్దెనిమిదో ఏట పుత్తూరు పక్క మరమగ్గాల షెడ్డులో చేరినాడు. ఇరవై ఆరేళ్ళు ఆ చప్పుడులో బతికినాడు. సినిమా పిచ్చి. పని దిగి, తలలో నూలు దూదితోనే బస్సెక్కి తిరుపతికి పొయ్యి మొదటి ఆట చూసొచ్చేవాడంట. మరుసటి దినం షెడ్డులో ఆ సినిమా అంతా కత చెప్పాల. మగ్గాల మధ్య మాట వినపడదు గాబట్టి పెదాలతో, చేతులతో చెప్పేవాడంట. వినపడకుండా కత చెప్పేది నాకు అప్పట్నుంచే వచ్చునని నవ్వినాడు.

చెవులు ఒక దినంలో పోలేదు. హాల్లో అందరూ నవ్వినాక తను నవ్వడం మొదలైంది. కొన్నాళ్ళకు, అందరూ గమ్మునుండేటప్పుడు తనొక్కడే నవ్వినాడంట. పక్కన కూర్చున్న భార్య తొడ మీద గిచ్చింది. ఆ దినం ఇంటర్వెల్లోనే లేచొచ్చేసినాడు. తర్వాత పదేళ్ళు సినిమా అన్న మాటే లేదు. కూతురు చెవి మిషను కొనిపెడితే, దాంట్లోంచి మనుషుల గొంతు కూడా మగ్గం చప్పుడు మాదిరే వచ్చిందంట. తీసి పెట్టెలో పెట్టేసినాడు. మగ్గం పని విడిసిపెట్టి ఈ పిండి మిషనులో కుదురుకున్న్యాడు. "మిషను ఆడేటప్పుడు ఈడికొచ్చే అందురూ నా మాదిరే గదా," అనేవాడు. తర్వాత కూతురి పాత ఫోను ఒకటి ఆయన చేతికొచ్చింది. మనవరాలు దాంట్లో కొరియా సీరియలు చూస్తా ఉంటే కింద అక్షరాలు పడేది చూసినాడు. ఆ భాష ఈడ ఎవరికీ రాదు, చెవులుండేవాళ్ళు గూడా చదవాల్సిందే, నా మాదిరే చదవాల్సిందే అని చెప్పేటప్పుడు ఆయన మొగం చూడాల.

మరి భార్య ఏది, కూతురేది అని ఒకనాడు రాసి అడిగినాను. కూతురు పలమనేరులో, ఆవుల్ని పెట్టుకుని పాలు పోస్తారంట. భార్య కూడా ఆడనే ఉంటాదంట, ఆరేళ్ళుగా. ఆయన మిషను వెనక గదిలో ఒక్కడే. ఎందుకని రాయబోతే చెయ్యి అడ్డం పెట్టినాడు.

"మా ఇంట్లో అందురూ మాట్లాడతారు మ్మా. కింద అచ్చరాలు రావు."

ఒక చలికాలం కూతురు మెసేజి పెట్టింది. ఈ వయసులో ఇద్దరూ రెండు చోట్ల ఏంది, నాయనా నువ్వు ఒకసారి రా, అందరం కూర్చుని ఏదో ఒకటి తేల్చుకుందాం అని. ఆయన అది నాకు చూపించినాడు. తర్వాత రెండు దినాలు సీరియలు గురించి ఏమీ మాట్లాడలా. మూడో దినం అడిగినాడు, నువ్వు నాతో వస్తావా, ఆళ్ళు మాట్లాడేది నాకు రాసి చూపిస్తావా అని. నేను అట్లాంటి చోటికి ఎట్ల వచ్చేదని పిండిలో రాసినాను. ఆయన దాన్ని చెరపకుండా అట్లే చూస్తా నిలబడినాడు. ఆ ఆదివారం ఇద్దరం బస్సెక్కినాం.

పలమనేరులో మద్దినం పూట కూడా చలిగా ఉండాది. ఆవుల కొట్టం పక్కన వసారాలో చాప పరిచినారు. కూతురు, అల్లుడు, ఆయన భార్య. నేను ఆయన పక్కన కూర్చుని ఫోన్లో రాస్తా పొయ్యినాను. మొదట వాళ్ళకు నేను ఎబ్బెట్టుగా ఉన్న్యాను. కాసేపటికి మర్చిపొయ్యినారు. అల్లుడు మర్యాదస్తుడు. మామ ఈడికే వచ్చెయ్యాల, మిషను పనికి పొయ్యే వయసా ఇది అన్నాడు. రాసినాను. పిలకాయలు కూడా తాతను అడగతా ఉన్నారని కూతురు చెప్పింది. రాసినాను. ఆయన చదివి తలూపతా ఉన్నాడు.

భార్య అప్పటిదాకా అనపకాయలు ఒలుస్తా ఉండాది. తలెత్తకుండానే అనింది. "ఆయన ఈడికొస్తే నేను చిత్తూర్లో మా చెల్లెలింటికి పోతాను. ఆయనతో ఒక ఇంట్లో నేనింక ఉండలేను."

నా వేళ్ళు నిలిచిపొయ్యినాయి. అందరూ నన్నే చూస్తా ఉన్నారు. ఆమె ఇప్పుడే ఏమీ తేల్చుకోలేదంట, ఇంకొన్నాళ్ళు పోనీమంటా ఉండాది అని రాసి ఫోను ఆయన ముందర పెట్టినాను.

ఆయన చదివినాడు. భార్యను చూసినాడు. మళ్ళీ నా రాత చూసినాడు. ఫోను మెల్లిగా నా చేతికిచ్చినాడు.

"ఆమె అన్న మాట రాయి."

రాసినాను. ఆయన అది చానాసేపు చదివినాడు, పదో పన్నెండో మాటలు. తర్వాత ఆమె పక్క తిరిగి, "యాల?" అన్నాడు, ఎందుకని. అంతే.

ఆమె చేతిలో కాయలు కింద పెట్టింది. చెప్పిందంతా నన్ను చూసే చెప్పింది.

"పన్నెండేళ్ళు అరిచినాను మ్మా. ఉప్పు చాలిందా అని అరవాల. నీళ్ళు వస్తాండాయని అరవాల. నా కడుపు నొప్పి గూడా వీధంతా వినేటట్టు అరిచి చెప్పాల. నాకు రాసేది రాదు, ఆయనకు వినేది రాదు. చెవులు పొయ్యినాయని అందురూ ఆయన్ను అయ్యో అన్న్యారు. ఆయన మాట్లాడేది గూడా మానుకున్న్యాడని ఎవురికన్నా తెలుసునా? అంతకు ముందు రోజూ సినిమా కత చెప్తా ఉండె. నేను సంగటి కెలకతా ఉంటే గడప మీద కూర్చుని. నాకు చెవులుండాయి గదా. నాకు చెప్పేదానికేమి?"

ఏడేళ్ళలో అంత వేగంగా నేను ఎప్పుడూ రాయలా. వెనక్కి పొయ్యి దిద్దేదానికి లేదు, రెండు వరసలకు కుదించేదానికి లేదు. అక్షరం పొల్లు పోకుండా రాసినాను. ఆయన పెదాలు కదిలిస్తా చదివినాడు. చదివింది మళ్ళీ పైకి జరిపి చదివినాడు. కొట్టంలో ఆవు ఒకటి గొలుసు గుంజుకుంటా ఉండాది.

చివరికి చాలా చిన్న గొంతుతో అన్నాడు, మేము వంగి వినాల్సి వచ్చింది. "నా గొంతు నాకు వినపడదు. ఎట్ల వస్తాండాదో తెలీక మానుకున్న్యా."

ఆమె మళ్ళీ కాయలు చేతికి తీసుకుంది. "బాగానే వస్తాది," అనింది. అదీ రాసినాను.

ఏమీ తేలలా. అన్నం తిని తిరుగు బస్సెక్కినాం. మొగిలి ఘాటు దిగి చిత్తూరు దాటేదాకా ఆయన ఫోను తియ్యలా, కిటికీలోంచే చూస్తా ఉన్నాడు. తిరుపతిలో దిగినాక, నువ్వు మొదట రాసింది తప్పు, రెండోది సరిగ్గా రాసినావని చెప్పి మిషను పక్క నడిచినాడు.

వారం గడిచినాక ఒక మద్దినం పొయ్యినాను. అన్నం పొద్దు, మిషను నిలిపేసి ఉండాది. ఆయన వెనక గది గడప మీద కూర్చుని ఫోను నోటి ముందర పట్టుకుని ఏదో చెప్తా ఉన్నాడు. ఎదురుగా మనిషి లేడు. నన్ను చూసి వేలెత్తి ఆగమన్నాడు. చెప్పేది ఆ చలి దేశం పోలీసామె కతే. ఆమెను మన ఎస్సైయమ్మ మాదిరి అన్నాడు, మంచు పడేది పలమనేరు చలికి పదింతలు అన్నాడు. గొంతు ఒకసారి పెద్దదై, ఒకసారి సన్నమై పోతా ఉండాది. ముగించినాక చెప్పినాడు, భార్యకు రోజూ ఫోను చేసి కత చెప్తా ఉన్నాడంట.

మరి ఆమె ఏమంటాదో ఎట్ల తెలస్తాది అని రాసినాను. ఆయన ఫోను తెర చూపించినాడు. మాట్లాడేటప్పుడు దాని మీద నిమిషాలు, క్షణాలు పోతా ఉంటాయి.

"ఈ అంకెలు నడస్తా ఉంటే ఆమె ఉన్నట్టు. నిలిచిపోతే పెట్టేసినట్టు."

మొదట్లో అంకెలు బిన్నానే, రెండు మూడు నిమిషాలకే, నిలిచిపోతా ఉండె. రానురాను ఒక భాగమంతా చెప్పేదాకా నడిచేవి. రాగులు పోస్తా, నిన్న కత ముగిసినాక గూడా రవంతసేపు అంకెలు నడిచినాయని చెప్పినాడు ఒకసారి, ఎవరికీ చెప్పొద్దన్నట్టు. కానీ ఆయనకు ఒక అనుమానం ఉండె. ఆమె నిజంగా వింటాందా, లేకుంటే ఫోను యాడన్నా పెట్టేసి తన పని తను చేసుకుంటాందా. నేను ఆ పొద్దుకు వచ్చి ఆమె మాటలు రాసి చూపిస్తానని రాసినాను. వద్దన్నాడు. ఇంకో మనిషి వింటాండారని తెలిస్తే ఆమె చూసుకుని మాట్లాడతాది అన్నాడు. ఒకటిన్నర ఏడు అట్లే జరిగింది. ఉగాదికి పొయ్యి రెండు దినాలుండి వచ్చేవాడు. వాళ్ళిద్దరూ మళ్ళీ ఒక ఇంట్లో ఉండింది లేదు.

నేను పాకాలకు పొయ్యే ముందు దినం కూడా మిషను కాడికి పొయ్యినాను. కొత్త జపాన్ సీరియలు ఎప్పుడు ముగిస్తావని అడిగినాడు. వచ్చినాక అని రాసినాను.

ఆయన లేడని తెలిసిన వారం, ఆదివారం పొద్దన ఒక్కదాన్నే పలమనేరు బస్సెక్కినాను. ఆయన భార్య, వదిన, కొట్టం కాడ ఉండాది. నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చి వసారాలో కూర్చుంది. కూతురు కాఫీ ఇచ్చి లోపలికి పొయ్యింది. పోయిన ఏడుకీ ఇప్పటికీ వదిన చిక్కిపొయ్యింది. జొరం సంగతి, ఆస్పత్రి సంగతి నేను అడగలా, ఆమె చెప్పలా. ఆయన ఫోను ఆమె పక్కనే చాప మీద ఉండాది. దాని అంచుల్లో పిండి ఇంకా అట్లే ఉండాది.

ఆయన కడదాకా తెలుసుకోలేకపోయిన సంగతి నేను అడిగినాను. ఆయన చెప్పే కతలు వినేదానివా వదినా అని.

"వినకేమి మ్మా. సగం పేర్లు నోరు తిరగవు. యా దేశమో, ఎవురో. ఆ కారులో కూర్చుని తినే ఆమె ఒక్కతి మాత్రం నాకు గుర్తుండాది." ఫోను పక్క చూసింది. "నేను గూడా మాట్లాడతానే ఉంటిని."

ఏమని అడిగినాను.

"ఏముండాది. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. మోకాలు వంగలేదు ఈ పొద్దు. నువ్వు తిన్న్యావా, ఏం చేసుకున్న్యావు. ఇట్లాంటియే. అన్నీ మెల్లిగానే చెప్తా ఉంటిని మ్మా. అరిచే పని లేదు గదా."